ఎందరు టీచర్లన్నది సర్కారు చెప్పాలి, ఎవరన్నది బడి చెప్పాలి

ఉత్తర చెన్నైలో నేను అక్షరాలు దిద్దుకున్న కార్పొరేషన్ బడికి ఇప్పుడు నేను కమిటీ సభ్యుణ్ణి. 2024లో తమిళనాడు ప్రభుత్వం బడి నిర్వహణ కమిటీలను, అంటే ఎస్ఎంసీలను, కొత్తగా వేసినప్పుడు సభ్యుల సంఖ్యను 24 చేసి పూర్వ విద్యార్థులకూ చోటిచ్చింది. అలా వచ్చాను. అధ్యక్షురాలు గార్మెంట్ కంపెనీలో కుట్టుపని చేసే ఒక తల్లి. మిగతావాళ్లలో ఎక్కువమంది కూడా అమ్మలే. నెలలో ఒక శుక్రవారం కూర్చుంటాం. మాటలు సగం తమిళం, సగం తెలుగు. రాత మాత్రం తమిళంలో. చివర్లో హెచ్ఎం మేడమ్ తీర్మానాలను ఫోన్ యాప్‌లోకి ఎక్కిస్తారు.

ఈ కమిటీకి ఏం అధికారం ఉంది అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదీ: క్లాసులో ఫ్యాను చెడిపోతే బాగు చేయించగలం. ఆ ఫ్యాను కింద కూర్చున్న పిల్లలకు లెక్కలు చెప్పే రెగ్యులర్ టీచరు లేకపోతే ఏమీ చేయలేం.

ఇది ఊరికే అన్న మాట కాదు. మా బడి లెక్కల టీచర్ని విద్యాసంవత్సరం మధ్యలో వేరే బడికి డెప్యుటేషన్ మీద పంపారు. అక్కడ ఖాళీ ఉందట. ఇక్కడ కొత్తగా ఖాళీ పడింది కదా అంటే జవాబు లేదు. కమిటీని అడగలేదు సరే, హెచ్ఎంని కూడా అడగలేదు. ఉత్తర్వు వచ్చింది, మనిషి వెళ్లిపోయాడు. ఆరో తరగతి పిల్లలకు సైన్స్ టీచరే లెక్కలూ చెప్పింది, పాపం. మేం తీర్మానం రాశాం, యాప్‌లో ఎక్కించాం. ఆ యాప్ అవతల ఎవరున్నారో ఇప్పటికీ అంతుపట్టలేదు.

2009 విద్యాహక్కు చట్టం తీసి చూడండి. 25వ సెక్షన్ ప్రకారం ఒక బడికి వేసిన టీచర్ని ఇంకో బడిలోనో ఆఫీసులోనో పని చేయించకూడదు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మాత్రమే మినహాయింపు. 26వ సెక్షన్ ప్రకారం ఏ బడిలోనూ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది 22వ సెక్షన్. బడి కమిటీ ఒక అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి, ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి అని అందులో స్పష్టంగా ఉంది. అంటే, మాకేం కావాలో మేం చెప్పాలి, దాన్ని బట్టి డబ్బు రావాలి. జరుగుతున్నది తలకిందులు. డబ్బు ఎంతో, దేనికో పైన తేలుతుంది. దానికి సరిపడేలా మేం ప్రణాళిక రాసుకుంటాం.

బడులకు స్వయంనిర్ణయం ఇవ్వాలి, నిధులూ సిబ్బందీ వాళ్ల చేతిలో పెట్టాలి అనే మాట ఇప్పుడు పార్టీలకు అతీతంగా వినిపిస్తోంది. నేనూ ఆ పక్షమే. కానీ ఆ పేరుతో మా దాకా దిగి వస్తున్నదాన్ని చూస్తే, కోడలికి ఇంటి పెత్తనం అప్పగించానని ఊరంతా చెప్పి బియ్యం డబ్బా తాళం కొంగున కట్టుకున్న అత్తగారే గుర్తొస్తుంది. పని మాకు, తాళం వాళ్లకు. అందుకని ఏ అధికారం బడికి రావాలి, ఏది ఎట్టి పరిస్థితిలోనూ రాకూడదు అన్నది విడదీసి మాట్లాడుకోవాలి. రెండూ కలిపి 'వికేంద్రీకరణ' అని ఒకే మూటగా కడితే చివరికి నష్టపోయేది మా బడి లాంటిదే.

ముందు డబ్బు సంగతి. కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ప్రతి సర్కారు బడికీ ఏడాదికి ఒక గ్రాంటు వస్తుంది. వందకు పైన 250 మంది దాకా పిల్లలుంటే 50 వేలు. 250 దాటితే 75 వేలు. వెయ్యి దాటితే లక్ష. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలి. లెక్క వేసి చూడండి. 260 మంది ఉన్న బడికీ 75 వేలే, 990 మంది ఉన్న బడికీ 75 వేలే. మొదటిదాంట్లో పిల్లవాడికి 288 రూపాయలు, రెండోదాంట్లో 76. కరెంటు రిపేర్లు, చాక్‌పీసులు, రిజిస్టర్లు, ఫినాయిల్, కుళాయిలు అన్నీ ఇందులోనే.

అది కూడా చేతిలో ఉండదు. 2021 నుంచి ఒక్కో కేంద్ర పథకం డబ్బు రాష్ట్రస్థాయిలో ఒకే ఖాతాలో ఉంటుంది. బడికి ఉండేది జీరో బ్యాలెన్స్ ఖాతా. ఇంత దాకా ఖర్చు పెట్టుకోవచ్చు అని ఒక పరిమితి మాత్రం ఇస్తారు. దుర్వినియోగం ఆపడానికే ఈ ఏర్పాటు, కాదనను. బ్యాంకుల్లో వేల ఖాతాల్లో డబ్బు ఊరికే పడి ఉండటం నిజంగానే సమస్య. కానీ పరిమితి ఆలస్యంగా తెరిచి, మార్చి 31తో మూసేస్తే ఏమవుతుంది? మార్చి నెలలో బడులన్నీ ఒక్కసారిగా బకెట్లు, చీపుళ్లు, బోర్డులు కొంటాయి. జూన్‌లో బడి తెరిచినప్పుడు కావలసినవి మార్చిలో కొంటాయి. వానల ముందు పైకప్పు బాగు చేయించాలన్న ఆలోచన ఏ సంవత్సరమూ కార్యరూపం దాల్చదు, ఎందుకంటే అక్టోబరుకు ముందు చేతిలో ఏమీ ఉండదు. చెన్నైలో అక్టోబరు వానలంటే ఏమిటో, నీళ్లు నిలిచే వ్యాసర్‌పాడి, కొరుక్కుపేట వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

పైన ఎవరో ఎవరితోనో గొడవ పడితే కూడా మా చీపురు ఆగిపోతుంది. జాతీయ విద్యావిధానంతో ముడిపడిన పీఎంశ్రీ అనే కేంద్ర పథకం ఒప్పందం మీద రాష్ట్రం సంతకం పెట్టలేదని 2024-25లో కేంద్రం తమిళనాడుకు రావలసిన సమగ్ర శిక్ష నిధులు సుమారు 2,150 కోట్లు ఆపేసింది. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జాతీయ విద్యావిధానం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ నా విషయం కాదు. ఆ తగాదాలో కనీసం పిల్లల మరుగుదొడ్డి డబ్బుకు రక్షణ ఉండాలి కదా అన్నదే నా బాధ.

డబ్బు మీద ఇంకో మాట, ఇది మనవాళ్ల దగ్గర తేలిన సంగతి కాబట్టి ఎక్కువ చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు తమ సహచరులతో కలిసి ఒక ప్రయోగం చేశారు. కొన్ని సర్కారు బడులకు రెండేళ్లపాటు గ్రాంటు ఇచ్చి, ఇవ్వని బడులతో పోల్చారు. మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది పెరగలేదు. కారణం చాలా మామూలుది. గ్రాంటులో ఎక్కువ భాగం నోటు పుస్తకాలు, పెన్సిళ్లు లాంటివాటికి వెళ్లింది. మొదటి ఏడాది తల్లిదండ్రులకు ఆ సంగతి ముందు తెలియదు, అందుకని వాళ్లు కొన్నవీ ఉన్నాయి, బడి ఇచ్చినవీ ఉన్నాయి. రెండో ఏడాది తెలుసు. బడి ఇస్తుంది కదా అని ఇంట్లో ఆ ఖర్చు తగ్గించుకున్నారు.

దీన్ని చూపించి 'గ్రాంట్లు దండగ' అని తీర్పు చెప్పేవాళ్లు ఉన్నారు. నాకు అలా అనిపించలేదు. పేదింట్లో నోటు పుస్తకాల ఖర్చు తగ్గితే ఆ డబ్బుతో ఇంకేదో అవసరం తీరింది, అది తప్పెలా అవుతుంది? బడి డబ్బు ఎక్కడ పెట్టాలో మాత్రం దీన్నుంచి తెలుస్తుంది. ఏ ఒక్క తల్లీ విడిగా కొనలేని వాటి మీద పెట్టాలి. ఆయమ్మ జీతం, నీటి పైపు, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు, సాయంత్రం గంటసేపు వెనకబడిన పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే మనిషి. ఇవి మార్కెట్లో తలా ఒక ముక్క కొనుక్కునేవి కావు. మా కమిటీలో అమ్మలకు ఈ సంగతి ఏ పరిశోధనా చదవకుండానే తెలుసు. 'పుస్తకాలు మేం ఎట్టాగో కొంటాం సార్, బాత్‌రూం కడిగే మనిషిని పెట్టండి' అన్నది వాళ్లే. అయితే గ్రాంటులో నెల జీతం ఇవ్వడానికి పద్దు లేదు. ఫినాయిల్ కొనొచ్చు. దాన్ని పోసి కడిగే మనిషికి ఇవ్వడం కుదరదు.

పద్దు అడ్డుపడటం మా ఊళ్లో కొత్త కాదు. తెలుగు కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, 1920 సెప్టెంబరు 16న, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు మధ్యాహ్నం టిఫిన్ పెట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. పిల్లవాడికి రోజుకు అణా మించకూడదని షరతు. తర్వాత ఇంకో నాలుగు బడులకు విస్తరించారు. ఈ బడుల్లో పిల్లల సంఖ్య 1922-23లో 811 ఉన్నది 1924-25కల్లా 1,671 అయింది. తర్వాత ఏమైందో తెలుసా? ప్రాథమిక విద్యానిధి నుంచి తిండికి ఖర్చు పెట్టకూడదని పై ప్రభుత్వం అనడంతో 1925 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు. తర్వాత మళ్లీ మొదలైందనుకోండి. ఇప్పుడు దేశమంతా గొప్పగా చెప్పుకునే మధ్యాహ్న భోజనానికి మొదటి అడుగు వేసింది ఢిల్లీ కాదు, లండన్ కాదు, ఒక నగరపాలక సంస్థ. దాన్ని ఆపింది ఆకలి తీరిందన్న నమ్మకం కాదు, ఖాతా పుస్తకంలో గడి లేకపోవడం. టి.నగర్‌లో షాపింగుకు వెళ్లే మన తెలుగువాళ్లలో ఎంతమందికి ఆ 'టి' ఈయనేనని తెలుసో!

కాబట్టి డబ్బు విషయంలో నా కోరిక చిన్నది. మొత్తం పెంచితే సంతోషం, పెంచకపోయినా కొంత భాగమైనా ఏ పద్దూ లేకుండా ఇవ్వండి. జూన్‌లో ఇవ్వండి. మిగిలితే వచ్చే ఏడాదికి మాకే ఉంచండి. ఖర్చు లెక్క గేటు దగ్గర బోర్డు మీద రాస్తాం, ఎవరైనా చదువుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు అనే బడుల మరమ్మతు పథకం పనుల్లో డబ్బును తల్లిదండ్రుల కమిటీల ద్వారానే ఖర్చు పెట్టించారు. ఆ పథకం మీద రాజకీయంగా ఎవరి అభిప్రాయం వాళ్లకుంది. కానీ లక్షల రూపాయల పని కమిటీ చేతిలో పెట్టవచ్చు అన్నది అక్కడ చేసి చూపించారు. మాకు ఫినాయిల్ దాటి ఒక్క మెట్టు పైకి వెళ్లడానికి ఇంత సంకోచమెందుకు?

అయితే డబ్బు ఇవ్వడం వేరు, తెచ్చుకోమనడం వేరు. 2022 అక్టోబరులో కర్ణాటక విద్యాశాఖ సర్కారు బడి పిల్లల తల్లిదండ్రులు నెలకు వంద రూపాయలు విరాళంగా ఇవ్వవచ్చని ఒక సర్క్యులర్ ఇచ్చి, జనం తిట్టిపోసేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. మన దగ్గర కూడా దాతల కోసం పథకం ఉంది. పాత విద్యార్థులు బాగా సంపాదించిన బడికి స్మార్ట్ బోర్డులు వస్తాయి. పాత విద్యార్థులు హార్బర్‌లో కూలీలైన బడికి ఏం వస్తుంది? దాత దొరికితే సంతోషమే, కానీ వెతుక్కోవలసిన బాధ్యతను బడి మీదికి తోసి దాన్ని స్వయంనిర్ణయం అనకండి.

ఇక మనుషుల సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే.

2022 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 13,331 టీచరు ఖాళీల్లో తాత్కాలికంగా మనుషుల్ని పెట్టుకునే అధికారం బడి కమిటీలకు ఇచ్చింది. చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ 4,989, హైస్కూలు తరగతులకు చెప్పే బీటీ 5,154, ప్లస్ టూకి చెప్పే పీజీ 3,188. జీతం వరసగా 7,500, 10,000, 12,000 రూపాయలు. మదురై హైకోర్టు బెంచి మొదట స్టే ఇచ్చింది, తర్వాత షరతులతో నియామకాలు సాగాయి. జీతాలు తర్వాత కొంత పెంచారు. పేపర్ల భాషలో ఇది చరిత్రాత్మక నిర్ణయం, టీచర్ని ఎంచుకునే హక్కు తల్లిదండ్రులకు వచ్చేసింది!

నేను దాన్ని అలా చదవలేకపోయాను. రెగ్యులర్ బీటీ టీచరు మూలవేతనం 36,400తో మొదలవుతుంది, డీఏ వగైరా అదనం. అదే క్లాసు, అదే పుస్తకం, అదే పరీక్ష, పదివేలకు చెప్పే మనిషిని మీరు వెతుక్కోండి అన్నారు. ఆ పదివేలకు ఎవరొస్తారు? ఇంటి దగ్గర ఉండి టెట్ రాసే అమ్మాయిలు వస్తారు. బాగా చెప్పేవాళ్లూ ఉంటారు. అయితే పక్క వీధిలోని ప్రైవేటు మెట్రిక్ స్కూలు ఇంకో రెండు వేలు ఎక్కువ ఇస్తే వెళ్లిపోతారు, తప్పు వాళ్లది కాదు. 2012లో ఇలాగే డ్రాయింగు, పీటీ, కుట్టు లాంటి వాటికి 16,549 మంది పార్ట్ టైమ్ టీచర్లను నెలకు 5,000కు తీసుకున్నారు. దశాబ్దం దాటినా వాళ్లు పర్మినెంట్ చేయమని రోడ్డెక్కుతూనే ఉన్నారు. తాత్కాలికం అని మొదలైనది మన దేశంలో ఎంత కాలం ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టను. మురళీధరన్, సుందరరామన్‌లే ఉమ్మడి ఆంధ్రలో వంద బడులకు ఒక్కొక్క కాంట్రాక్టు టీచర్ని అదనంగా ఇచ్చి చూశారు. ఆ టీచర్ల జీతం రెగ్యులర్ టీచరు జీతంలో ఐదో వంతే. పిల్లల మార్కులు పెరిగాయి. కాంట్రాక్టు టీచర్లు రెగ్యులర్ వాళ్లకన్నా తక్కువగా సెలవు పెట్టారు కూడా. అంటే ఊళ్లో మనిషి, కమిటీ కంటి ముందు ఉండే మనిషి, పనిచేస్తాడు. ఇది నిజం. కెన్యాలోనూ బడి కమిటీలు పెట్టుకున్న కాంట్రాక్టు టీచర్ల దగ్గర పిల్లలు బాగా నేర్చుకున్నారు. కానీ తర్వాత అక్కడ అదే పద్ధతిని రెండు రకాలుగా నడిపి చూస్తే, స్వచ్ఛంద సంస్థ నడిపిన చోట ఫలితం వచ్చింది, ప్రభుత్వం నడిపిన చోట రాలేదు.

ఆంధ్ర ప్రయోగంలో ఒక మాటను జనం దాటేస్తారు. అది 'అదనంగా' ఇచ్చిన టీచరు. ఉన్న పోస్టును ఖాళీ పెట్టి, దాని బదులు ఇచ్చిన టీచరు కాదు. మన దగ్గర జరుగుతున్నది రెండోది. చౌక టీచరుతో చదువు సాగుతుందన్న మాటను పట్టుకుని రెగ్యులర్ పోస్టు నింపకుండా ఊరుకోవడానికి ఆ పరిశోధనను వాడుకోవడం నాకు మోసంలా కనిపిస్తుంది.

సరే, మరి రెగ్యులర్ పోస్టులోనే, పూర్తి జీతంతోనే, మనిషిని ఎంచుకునే హక్కు బడికి ఇస్తే? అలాంటి ఏర్పాటు ఊహించుకోనక్కర్లేదు, చెన్నై తెలుగువాళ్లకు అది పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. ఎయిడెడ్ బడులు. యాజమాన్యం నియమిస్తుంది, జీతం సర్కారు ఇస్తుంది. అందులోనూ భాషా అల్పసంఖ్యాకుల బడులకు రాజ్యాంగం 30వ అధికరణం అండ అదనం. ఉత్తర చెన్నైలో తెలుగు సంఘాలు, ధర్మసంస్థలు పెట్టిన ఇలాంటి బడుల్లోనే మా అమ్మ తరం చదువుకుంది.

మా పిన్ని అలాంటి ఒక బడిలో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైంది. ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు కరస్పాండెంటు గారు, అంటే యాజమాన్యం తరఫున బడి నడిపే ఆయన, సర్టిఫికెట్లు పక్కన పెట్టి, 'పోయి ఎనిమిదో తరగతిలో పాఠం చెప్పమ్మా' అన్నారట. ఆయన వెనక బెంచీలో కూర్చున్నారు. పిన్ని భాస్కర శతకం పద్యం చెప్పింది, పిల్లలు నవ్వారు, అడిగారు, మళ్లీ చదివారు. ఆ సాయంత్రమే ఉద్యోగం ఖాయమైంది. ఏ బోర్డు పరీక్షా అంత బాగా మనిషిని ఎంచుకోలేదని పిన్ని ఇప్పటికీ అంటుంది. అంటే తన గురించే అనుకోండి, అయినా నమ్ముతాను, ఆవిడ పాఠం విన్నవాణ్ణి కాబట్టి.

అదే హక్కు ఇంకో తరం తర్వాత ఇంకోలా తయారైంది. మా చుట్టాలమ్మాయి ఇంకో ఎయిడెడ్ బడిలో పోస్టుకు వెళితే పాఠం చెప్పమని ఎవరూ అడగలేదు. ఎంత ఇవ్వగలరని అడిగారు. ఆ అంకె విని వాళ్ల నాన్న ఆటోలో ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదట. బడి పేరు చెప్పను. ఆ ఒక్క బడి సంగతే అని కూడా ఎవరూ అనుకోరు. చట్టం మారలేదు, హక్కు మారలేదు, జీతం ఇచ్చే సర్కారూ మారలేదు. పిన్ని విషయంలో ఎంపిక పిల్లల ముందు జరిగింది, ఈ అమ్మాయి విషయంలో ఆఫీసు గదిలో తలుపేసుకుని జరిగింది.

ఆ బడుల్లో ఇంకో ముడి కూడా ఉంది. టీచర్ని యాజమాన్యం ఎంచుకోవచ్చు గానీ పోస్టు ఉందో లేదో తేల్చేది విద్యాశాఖ. 1997 నాటి 525 నంబరు జీవో ప్రకారం నలభై మందికి ఒక టీచరు లెక్క. ఏటా ఆగస్టు 1న ఉన్న పిల్లల సంఖ్యే ప్రమాణం. సంఖ్య తగ్గితే టీచరు 'సర్‌ప్లస్', అంటే మిగులు. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం అంచెలంచెలుగా తప్పనిసరి అయ్యాక తెలుగు మీడియంలో పిల్లలు ఇంకా పల్చబడ్డారు. పిల్లలు తగ్గారని టీచర్ని తీస్తారు, టీచరు లేరని ఇంకొందరు పిల్లలు పోతారు. పిన్ని రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. ఎవరిని పెట్టుకోవాలన్నది పూర్తిగా మీ ఇష్టమే, కానీ పోస్టు లేదు.

కమిటీకి వచ్చిన తాత్కాలిక టీచర్ల అధికారం, ఎయిడెడ్ బడికి ఉన్న నియామక హక్కు, ఈ రెండిటినీ దగ్గర నుంచి చూశాకనే నేను ఈ వ్యాసానికి ఆ శీర్షిక పెట్టాను. ఎందరు టీచర్లు, ఎంత జీతం, ఎన్నేళ్ల భద్రత అన్నది బడి మీదికి నెట్టకూడదు. అది సర్కారు పూచీ. పిల్లలు ఇరవై మందికి తగ్గినా తెలుగుకో ఉర్దూకో ఒక టీచరు ఉండాలా వద్దా అన్నది కమిటీ చందాలతో తేలే ప్రశ్న కాదు. కానీ టీచర్స్ రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష పాసైన జాబితాలోంచి మా బడికి ఎవరు రావాలి అన్నది మేం చెప్పాలి. కౌన్సెలింగ్ హాల్లో స్క్రీన్ మీద బడి పేరు చూసి బస్సు రూటును బట్టి నొక్కేసే పద్ధతి పోవాలి. వచ్చే టీచరు ముందు ఒక పూట మా బడికి రావాలి, పాఠం చెప్పాలి, కమిటీ ముందు, పిల్లల ముందు. మార్కులు వేసి కారణం రాసి బోర్డు మీద అంటించాలి. ఒకసారి వచ్చాక, కమిటీ ఒప్పుకోనిదే డెప్యుటేషన్ కుదరదు. ఈ చివరిదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, 25వ సెక్షన్ ఉన్నది ఉన్నట్టు అమలు చేస్తే చాలు.

ఇది చెప్పగానే మా కమిటీలోనే ఒకాయన అడిగాడు, 'రిజర్వేషన్ సంగతేంటన్నా?' అని. సరైన ప్రశ్న. ఒక్క ఖాళీకి ఒక్క బడి మనిషిని ఎంచుకుంటే అక్కడ రోస్టర్, అంటే ఏ ఖాళీ ఏ వర్గానిదో చెప్పే వరస, ఉండదు. వేల బడులు వేల ఒంటరి ఖాళీలు నింపుకుంటే తమిళనాడులో 69 శాతం రిజర్వేషన్ కాగితం మీదే మిగులుతుంది. కులం పేరు అడక్కుండానే కులం చూసుకోగల తెలివి మన కమిటీలకు లేదని నేను ప్రమాణం చేయలేను. అందుకే రోస్టర్ జిల్లా స్థాయిలోనే ఉండాలి. ఈ ఖాళీ ఏ వర్గానిదో జిల్లా చెబుతుంది, ఆ వర్గం జాబితాలోంచి బడి ఎంచుకుంటుంది. కొంచెం చుట్టు తిరుగుడు పద్ధతే. అయినా ఈ హామీ లేకుండా బడికి నియామకం ఇస్తానంటే నేనే వద్దంటాను.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఎరిక్ హనుషెక్, సుసానే లింక్, లుడ్గర్ వోస్‌మాన్ అనే పరిశోధకులు 42 దేశాల పిల్లల పీసా పరీక్షల ఫలితాలను పరిశీలించారు. పీసా అంటే పదిహేనేళ్ల పిల్లలకు దేశదేశాల్లో పెట్టే పరీక్ష. అభివృద్ధి చెందిన దేశాల్లో బడికి స్వయంనిర్ణయం పెరిగితే మార్కులు పెరిగాయి. వెనకబడిన దేశాల్లో తగ్గాయి. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్లు చేసిన అధ్యయనంలో ఊరి విద్యాకమిటీ ఉందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియనే తెలియదు. సభ్యులుగా పేరున్న కొందరికే తాము సభ్యులమని తెలియదు! మీటింగులు పెట్టి, హక్కులు వివరించి చెప్పినా బడి మారలేదు.

ఈ ఫలితాలు చూసి భయపడాలి, భయపడటం మంచిదే. అయితే జౌన్‌పూర్‌లో కూడా కమిటీకి ఉన్న హక్కులు వివరించారు గానీ కొత్తగా ఏ అధికారమూ చేతికివ్వలేదు. ఏ పనీ జరగని మీటింగుకు రోజు కూలీ వదులుకుని ఎవరొస్తారు? మా కమిటీలో కూడా ఫ్యాన్ల మీద మాట్లాడే నెలలో సగం కుర్చీలు ఖాళీ. తాత్కాలిక టీచరు ఇంటర్వ్యూ పెట్టిన రోజు మాత్రం కుర్చీలు చాలలేదు. ఒక తల్లి చంటిపిల్లను ఎత్తుకుని నిలబడే ఉంది. వచ్చిన అభ్యర్థిని ఆవిడ అడిగిన ప్రశ్న ఏ బోర్డూ అడగదు: 'మా వాడు క్లాసులో నోరెత్తడమ్మా, ఏం చేస్తావు?'

మంచి టీచర్లంతా డబ్బున్న పేటలైన అడయారుకో అన్నానగర్‌కో పోతారు కదా అన్న భయం కూడా నాకుంది. బడి ఎంచుకుంటుందంటే టీచరూ బడిని ఎంచుకుంటాడు. దానికి విరుగుడు ఎక్కువ ఖాళీలున్న బడులకు మొదటి విడత ఎంపిక ఇవ్వడం, కష్టమైన చోట పనిచేసేవాళ్లకు జీతం మీద కొంత అదనం ఇవ్వడం. ఇప్పుడు అలాంటి బడికి పంపడం శిక్ష. పైగా ఆ మాట అధికారులే అంటారు.

ఇన్ని చెప్పాక ఒక రోజు హెచ్ఎం మేడమ్‌తో ఇదంతా మాట్లాడాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టి, 'నాకొద్దు సార్ ఆ అధికారం' అంది. నేను ఇంకేదో చెప్పబోతే టేబుల్ మీద రిజిస్టర్లు చూపించింది. ఎమిస్ అనే విద్యాశాఖ ఆన్‌లైన్ రికార్డులో హాజరు, స్కాలర్‌షిప్‌ల ఎంట్రీ, ఆధార్, టిఫిన్ లెక్క, మధ్యాహ్నం గుడ్ల లెక్క, ఉచిత బూట్ల కొలతలు, గ్రాంటు బిల్లులు. ఇవన్నీ ఆవిడే చేస్తుంది, మధ్యలో ఏడో తరగతికి ఇంగ్లిష్ కూడా ఆవిడే. మా బడికి గుమాస్తా లేడు. 'రేపు నియామకం కూడా నా నెత్తిన పెడితే, ఆడిట్‌లో ఒక వోచర్ తక్కువైతే రిటైర్మెంట్ డబ్బు ఆపేది నాకా, మీకా?' అని అడిగింది.

దానికి నా దగ్గర జవాబు లేకపోలేదు. ఇంగ్లండులో 1988 చట్టం తర్వాత బడ్జెట్, సిబ్బంది నియామకం బడుల చేతికి వచ్చాయి. కానీ అక్కడ లెక్కలు చూడటానికి బడిలోనే వేరే మనిషి ఉంటారు, హెడ్మాస్టరు బిల్లులు అంటించుకుంటూ కూర్చోరు. మన దగ్గర అధికారం గురించి రాసినవాటిలో నేను చూసిన ఏ పత్రంలోనూ ఆ మనిషి ఊసు లేదు. నాలుగైదు చిన్న బడులకు కలిపి ఒక గుమాస్తా, పూర్తి జీతంతో, లెక్కలకు సంతకం పెట్టే బాధ్యతతో. తర్వాతి మీటింగులో మేం రాసిన తీర్మానం అదొక్కటే. టీచర్ని ఎంచుకునే హక్కు అడిగే ముందు గుమాస్తాను అడగడం ఏమిటని మా అధ్యక్షురాలు మొదట నవ్వింది. మేడమ్ మాత్రం ఆ తీర్మానాన్ని అప్పటికప్పుడే, మేం అక్కడ ఉండగానే యాప్‌లో ఎక్కించింది.